వెనక గెడ

భీమడోలు రైలు గేటు దగ్గర జగన్నాథంగారి కిరాణా కొట్టు ఏదని ఎవరిని అడిగినా చూపిస్తారు. పేరుకే అది జగన్నాథంగారి కొట్టు. ఆయన అరుగు మీద కుర్చీ వేసుకుని, పేపరు మడత విప్పకుండానే ఊరి కబుర్లన్నీ చదివేస్తూ ఉంటారు. లోపల బల్ల మీద కూర్చుని బేరం చేసేది ఆయన భార్య కుసుమకుమారి. పదిహేడేళ్ళకి కాపురానికి వచ్చి, మామగారి తరవాత ఆ బల్ల ఎక్కి, అరవై రెండో ఏట కూడా అక్కడే ఉంది. కందిపప్పు అరచేతిలో పోసుకుని చూస్తే చాలు, కొత్తదో పాతదో, ఏ మిల్లులో ఆడిందో చెప్పేస్తుంది. మాట మెత్తన, తూకం గట్టి. ఆవిడ గురించి తెలియాల్సిందంతా తమకు తెలుసుననే ఊళ్ళోవాళ్ళు అనుకుంటారు.

వాళ్ళకి తెలియనిది ఒకటుంది. రైలు వెళ్ళినప్పుడల్లా కొట్టు నేల సన్నగా అదురుతుంది. ఆ అదురు పాదాలకు తగలగానే కుసుమకుమారి కళ్ళు మూసుకుంటుంది. ఎదురుగా ఉన్నవాళ్ళు ఆవిడేదో లెక్క వేసుకుంటోందనుకుని ఓపిగ్గా నిలబడతారు. లెక్కా లేదు, ఏమీ లేదు. ఆ కాసేపూ ఆవిడ కొల్లేటి మీద ఉంటుంది. గూడ్సు బండి అయితే మరీ మంచిది, అది పొడుగ్గా ఉంటుంది.

కుసుమకుమారి పుట్టింది కొల్లేటికోటలో. వాళ్ళ నాన్నగారికి అక్కడ కొట్టుండేది. ఆ కొట్టుకు గోడల్లేవు, తలుపుల్లేవు, ఆ మాటకొస్తే నేల కూడా లేదు. తాటిమానును నిలువునా చీల్చి లోపల తొలిస్తే దోనె అవుతుంది. అలాంటి దోనెలు రెండు పక్కపక్కన కట్టి, మీద బల్లలు పరిస్తే అది సంగడి. ఆ సంగడి మీద ఉప్పు, చింతపండు, బెల్లం, అగ్గిపెట్టెలు, కిరసనాయిలు డబ్బా, పిల్లల పలకలూ బలపాలూ పెట్టుకుని ఆయన కొల్లేటి లంకలన్నీ తిరిగేవారు. లంకల్లో ఆడవాళ్ళు ధాన్యమో తుంగచాపలో ఇచ్చి సరుకు తీసుకునేవారు. ఆయన అసలు పేరు ఎవరికీ పట్టేది కాదు. అందరికీ ఆయన దోనెకొట్టు శెట్టిగారు.

సంగడిని తోయడానికి ముందొకటి, వెనకొకటి వెదురు గెడలుండేవి. ముందు గెడ ఆయనది. వెనక గెడ, తొమ్మిదో ఏడు వచ్చిన దగ్గర్నుంచీ, కుసుమది. ముందున్న మనిషి బలం పెడతాడు, వెనకున్న మనిషి దారి చూస్తాడు. వెనక గెడ ఏ పక్కన ఆనిస్తే సంగడి దాన్నిబట్టి తిరుగుతుంది. మగపిల్లలు లేని ఇంట్లో ఆ పెద్దరికం ఆడపిల్లకు వచ్చింది. ఆ పిల్ల దాన్ని ఎంత గొప్పగా అనుభవించిందో చెప్పలేం.

గింజలు కొలిచేటప్పుడు షావుకార్లు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా వెళుతుంది లెక్క. శెట్టిగారు ఆ అలవాటును గెడకు కూడా తెచ్చేశారు. రేవు వదిలే మొదటి తోపుకి ఆయన ముందు నుంచి "లాభం" అనేవారు. వెనక నుంచి కుసుమ "రెండు" అనేది. ఆయన మూడు, ఈ పిల్ల నాలుగు. పది దాటేసరికి లోతు వచ్చేది, లెక్క దానంతటది ఆగిపోయేది. ఆ తరవాత ఎవరూ మాట్లాడేవారు కాదు. తామరాకుల మీద గెడ నీళ్ళు జారిపోవడం, ఎక్కడో గూడబాతులు రెక్కలు కొట్టుకోవడం, మంచులో నాన్నగారి వీపు. ఇంతకంటే సుఖం ఇంకోటి ఉందని ఎవరైనా చెప్పినా ఆ పిల్ల నమ్మేది కాదు. నిజం చెప్పాలంటే కుసుమకుమారి ఇప్పటికీ నమ్మదు.

పదమూడో ఏట కుసుమకు జ్వరం తగిలింది. ఆ పూట తల్లి వెంకటనరసమ్మ పిల్లని మంచం దిగనివ్వలేదు. శెట్టిగారు ఒక్కరే వెళ్ళారు. మధ్యాహ్నానికి గాలి లేచింది. వెనక గెడ లేని సంగడి గాలికి అడ్డం తిరిగిపోయింది. దాన్ని మర్నాడు తుంగలో చూశారు. ఆయన మూడో రోజున దొరికారు.

ఆ సాయంత్రం వెంకటనరసమ్మ తడి జుట్టుతో గుమ్మంలో కూర్చుని, కూతురి చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. "మళ్ళీ నీళ్ళ మీదికి వెళ్ళనని నా మీద ఒట్టెయ్యి" అంది. కుసుమ ఒట్టేసింది. ఆ తరవాత తల్లీకూతుళ్ళిద్దరూ భీమడోలులో మేనమామ ఇంటికి వచ్చేశారు. కొల్లేటికోట వైపు మళ్ళీ వెళ్ళలేదు. అక్కడి అమ్మవారి మొక్కులు కూడా తెలిసినవాళ్ళ చేత పంపించారు.

ఈ ఒట్టులో ఉన్న చిక్కు ఏమిటంటే, ఎవరి నెత్తిన చెయ్యి పెట్టి వేస్తే, మాట తప్పినప్పుడు కీడు ఆ మనిషికే తగులుతుంది. తీయగలిగేది కూడా ఆ మనిషే. తీసి గట్టున పెట్టానని ఆ నోటితోనే అనాలి. అంటే అమ్మ తీయకపోతే, అమ్మ ఉన్నంతకాలం కుసుమకుమారి దోనె ఎక్కడానికి లేదు. అమ్మ పోయాక ఎక్కవచ్చు. పాతికేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఈ రెండో మాట ఆవిడ మనసులోకి దానంతటది వచ్చేసింది. వెంటనే లెంపలు వేసుకుంది. ఆ రోజంతా అన్నం ముట్టలేదు, ఎందుకని అడిగితే చెప్పలేదు.

మరి అమ్మనే అడిగితే పోదా అని మనం అనుకుంటాం. వెంకటనరసమ్మకి ఇప్పుడు ఎనభై రెండు. కూతురి దగ్గరే ఉంటుంది. కళ్ళూ చెవులూ బాగానే పనిచేస్తాయి, నోరు ఇంకా బాగా పనిచేస్తుంది. కూర దగ్గర్నుంచి కూతురి చీర రంగు దాకా ఆవిడ అభిప్రాయం చెప్పనిది లేదు. కానీ ఆ ఇద్దరి మధ్య దోనె అనే మాట దొర్లి నలభై తొమ్మిదేళ్ళయింది. అంతకాలం మూసి ఉన్న తలుపు తీయాలంటే చెయ్యి రాదు.

ఇలా ఉండగా హర్షిత ఫోను పట్టుకొచ్చింది. హర్షిత కుసుమకుమారి కొడుకు కిరణ్ కుమార్ కూతురు. ఏలూరులో డిగ్రీ చదువుతోంది, రోజూ పాసింజరులో వెళ్ళొస్తుంది.

"నానమ్మా, ఇటు చూడు. మా మేడం చూపించారు. కెనడాలో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళ ఊళ్ళున్నాయంట. ఏడాదికోసారి తాతల కాలం నాటి సామాన్లన్నీ బయటికి తీసి పండగ చేసుకుంటారంట."

కొట్టులో అప్పుడు బేరం లేదు. కుసుమకుమారి కళ్ళజోడు సర్దుకుని చూసింది. ఎక్కడో చలి దేశం. మగవాళ్ళు నడుముకు రంగురంగుల నేత పట్టీలు చుట్టుకున్నారు, వాటి అంచులు మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. ఒకాయన ఫిడేలు వాయిస్తూ రెండు కాళ్ళతోనూ నేల మీద తాళం వేస్తున్నాడు. ఇంకో పక్క పెద్ద గుండిగలో బఠాణీల చారు కాగుతోంది. తరవాత నలుగురు మనుషులు చెట్టు బెరడుతో చేసిన పడవను మోసుకొచ్చి నదిలో దింపారు. తెల్ల టోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ పావడా ఎత్తి పట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్ళి వెనక కూర్చుంది. తెడ్డు నీళ్ళలో వేసింది. పడవ మెల్లిగా తిరిగి మంచులోకి వెళ్ళిపోయింది.

"ఆవిడే తిప్పుతోంది పడవని" అంది కుసుమకుమారి. "ముందువాళ్ళది ఉత్త హడావుడి. మా నాన్న సంగడికి వెనక గెడ నాదేనే."

అనేశాక నాలిక కరుచుకుంది కానీ, హర్షిత అప్పటికే బల్ల మీదికి ఎగిరి కూర్చుంది. చెప్పించుకోవలసినదంతా చెప్పించుకుంది. ఒట్టు సంగతి మాత్రం కుసుమకుమారి చెప్పలేదు. ఆ తరవాత పది రోజుల పాటు, కొట్టులో ఎవరూ లేనప్పుడు, తన ఫోనులో వేయించుకున్న ఆ వీడియోలో ముసలావిడ పడవ ఎక్కే ముక్క ఒక్కటీ వెనక్కి తిప్పి తిప్పి చూసుకుంది. ఆవిడకి ఎవరూ ఒట్టు పెట్టి ఉండరు అనుకుంది.

హర్షిత ఊరుకునే రకం కాదు. కాలేజీలో మేడంనీ స్నేహితుల్నీ కూడగట్టుకుని, కొల్లేటికోట పెద్దలతో మాట్లాడి, మాఘమాసంలో ఒక ఆదివారం కొల్లేటి సంబరం అని పెట్టించేసింది. పాత దోనెకొట్టును మళ్ళీ కట్టి, సరుకులు పెట్టి, ఈ రేవు నుంచి ఎదురు గట్టు దాకా నడపడం అందులో ముఖ్యమైన ఘట్టం. ఎదురు గట్టున లంకల ఆడవాళ్ళు చేటలూ బుట్టలూ పట్టుకుని అప్పట్లాగే నిలబడతారు.

"వెనక గెడకి నీ పేరు ఇచ్చేశాను నానమ్మా" అంది.

కుసుమకుమారి సరేనని అనలేదు. వద్దని కూడా అనలేదు. ఆ రెండూ కాని ఒక ముఖం పెట్టి చింతపండు చెత్త ఏరుతూ కూర్చుంది.

"వెళ్ళిరా కుసుమా" అన్నారు అరుగు మీది నుంచి జగన్నాథంగారు. "ఒక్క ఆదివారం కొట్టు నేను చూసుకుంటాను. నాకు కందిపప్పుకీ మినప్పప్పుకీ తేడా తెలుసులే, భయపడకు."

"పెసరపప్పు అడిగితేనో?" అంది కుసుమకుమారి.

లోపలి గదిలోంచి వెంకటనరసమ్మ గొంతు వినిపించింది. "నేనూ వస్తాను" అంది. ఆ మాటకి జగన్నాథంగారు కూడా పేపరు పక్కన పెట్టేశారు.

దారిలో అడిగేద్దామని కుసుమకుమారి రాత్రే నిశ్చయం చేసుకుంది. రైల్లో హర్షితతో కలిపి ముగ్గురికీ కిటికీ పక్కన చోటు దొరికింది. బయట పొలాల మీద మంచు ఇంకా లేవలేదు, అక్కడక్కడ కొబ్బరి తలలు మాత్రం కనిపిస్తున్నాయి. దెందులూరు వచ్చేలోగా అడుగుతాను అనుకుంది. దెందులూరులో తల్లి సెనగలు కొనమంది. సెనగలు తింటున్న మనిషిని ఒట్టు గురించి ఎలా అడుగుతాం? ఏలూరు వచ్చేలోగా అనుకుంది. ఏలూరు వచ్చేసింది. స్టేషను బయట కాలేజీ వాళ్ళు పెట్టిన బస్సు ఎక్కి కొల్లేటి రోడ్డు పట్టేసరికి ఎండ పలచగా వచ్చింది. రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువుల గట్లు, వాటి మధ్య నీళ్ళు. ఎక్కడ చెరువు అయిపోతుందో ఎక్కడ కొల్లేరు మొదలవుతుందో తెలియడం లేదు.

"అమ్మా" అంది కుసుమకుమారి.

"ఊఁ."

"చలేస్తోందా?"

"లేదు" అని వెంకటనరసమ్మ మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. ఆవిడ కూడా ఏదో వెతుకుతున్నట్టు నీళ్ళ మీదే చూపు పెట్టింది.

రేవు దగ్గర షామియానా వేశారు. కాలేజీ పిల్లలు ఆ కెనడా వాళ్ళను చూసి మనసుపడ్డారేమో, అందరూ చేనేత కండువాలు నడుముకు చుట్టుకుని తిరుగుతున్నారు. ఒక చోట తేగలు కాలుస్తున్నారు. ఒక చోట తుంగచాప అల్లడం నేర్పుతున్నారు. ఇంకో చోట కొర్రమీను పులుసు ఉడుకుతోంది. కుసుమకుమారి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అటు కాస్త దూరంగా నడిచింది. ఎవరో మైకులో పాత పడవ పాట అందుకున్నారు. పాట నీళ్ళ మీద పోయి ఎదురు గట్టుకు తగిలి కాస్త ఆలస్యంగా తిరిగి వస్తోంది. ఆవిడకి ఎటు నడిచినా కాళ్ళు నేల మీద ఆనుతున్నట్టు లేదు. ఇదంతా రైలు వెళ్ళేటప్పుడు కళ్ళు మూసుకుని చూసేదే. ఈసారి కళ్ళు తెరిచినా పోవడం లేదు.

అప్పుడు సంగడిని చూసింది. రేవులో కట్టేసి ఉంది. దాని దగ్గర అరవై అయిదేళ్ళ మనిషి ఒకాయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తాళ్ళు బిగిస్తున్నాడు. ఆయన పేరు గంగరాజు. తన తండ్రి నాటి దోనెలు రెంటినీ ఎండకు బీటలు వారకుండా ఇన్నేళ్ళూ చెరువు నీళ్ళలో ముంచి దాచాడు. హర్షిత వచ్చి అడిగాక పైకి తీశాడు.

"మీరు దోనెకొట్టు శెట్టిగారి అమ్మాయి కదండీ" అన్నాడు గంగరాజు. "చిన్నప్పుడు మా అమ్మ ఉప్పుకి పంపిస్తే మీ సంగడి దగ్గరికి నేనే వచ్చేవాణ్ణండి. మీరు వెనకాల గెడ పట్టుకుని మహారాణీలా నించునేవారు."

కుసుమకుమారి నవ్వింది. కానీ ఆవిడ కళ్ళు సరుకుల మీద ఉన్నాయి. పిల్లలు ఉప్పు బస్తా తెచ్చి అంచున పెట్టారు.

"ఉప్పు అక్కడ పెడతారా ఎవరైనా? తడిసిపోదూ? మధ్యలో పెట్టండి. బరువు కూడా మధ్యలోనే ఉండాలి. కిరసనాయిలు బెల్లం పక్కన వద్దు."

పిల్లలు గబగబా సర్దారు. ఒక అమ్మాయి తవ్వ తీసుకుని బియ్యం కొలవడం సాధన చేస్తూ "ఒకటి" అంది.

"లాభం అనాలి తల్లీ" అంది గట్టు మీది నుంచి కుసుమకుమారి. "మొదటిది ఎప్పుడూ లాభమే."

అలా ఒక గంటసేపు ఆవిడ గట్టు మీద నిలబడే సంగడి మొత్తం సర్దించింది. నీళ్ళకీ ఆవిడ పాదాలకీ మధ్య జానెడు దూరం. ఆ జానెడు దాటలేదు. చివరికి గంగరాజు పొడుగాటి వెదురు గెడ తెచ్చి ఆవిడకి అందించాడు.

"రండమ్మా, ఎక్కండి. మీదే ఆలస్యం."

గెడ అరచేతుల్లోకి రాగానే కుసుమకుమారి రెండు చేతులా బిగించి పట్టుకుంది. షామియానా వైపు చూసింది. వెంకటనరసమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఇటే చూస్తోంది. అంతమంది ముందు వెళ్ళి, అమ్మా నన్ను వదిలెయ్యి అని ఎలా అడగడం? అడిగితే అమ్మకి ఆ మూడు రోజులూ మళ్ళీ గుర్తు చేసినట్టు కాదూ?

"నాకు మోకాళ్ళ నొప్పులండీ" అంది. గెడ తిరిగి ఇచ్చేసింది. "మీరు వెళ్ళిరండి."

"నానమ్మా!" అంది హర్షిత. ఆ పిల్లకి ఏడుపొచ్చింది. అయినా మైకులో పిలిచేస్తున్నారు, ఎదురు గట్టున ఆడవాళ్ళు ఎండలో నిలబడి ఉన్నారు. ముందు గెడ గంగరాజు తీసుకున్నాడు. వెనక గెడ హర్షిత పట్టుకుంది. సంగడి రేవు వదిలింది.

పది గజాలు బాగానే వెళ్ళింది. తరవాత హర్షిత గెడ ఎటు ఆనించాలో అటు కాక ఇంకోవైపు ఆనించింది. సంగడి మూతి తిప్పుకుంది. గంగరాజు ఇటు తోస్తే అది అటు తిరిగింది. రెండు చుట్లు తిరిగి, తీరిగ్గా వెళ్ళి గుర్రపుడెక్కలో దూరి కూర్చుంది. గట్టు మీద జనం నవ్వారు, కొందరు ఈలలు వేశారు. కుసుమకుమారి నవ్వలేదు. ఖాళీ గాలిలో ఆవిడ చేతులు రెండూ వాటంతటవే ఎడమ వైపుకి వంగాయి.

వెంకటనరసమ్మ చెయ్యి ఊపి కూతుర్ని పిలిచింది.

"అదేంటే, అలా తిరుగుతోందేం?"

"వెనక గెడ పట్టడం రాదమ్మా దానికి."

"నీకు వచ్చుగా."

కుసుమకుమారి మళ్ళీ సంగడి వైపు తిరిగింది.

"వచ్చినదానివి ఇక్కడ నా పక్కన నిలబడి ఏం చేస్తున్నావు?"

ఇక దాచడానికి చోటు లేకపోయింది. "నువ్వు ఒట్టు వేయించుకున్నావు కదమ్మా" అంది. ఆ గొంతు అరవై రెండేళ్ళ మనిషిది కాదని ఆవిడకే తెలిసిపోయింది. "నాన్న పోయినప్పుడు. నీళ్ళ మీదికి వెళ్ళనని."

వెంకటనరసమ్మ కుర్చీలోనే కూతురి వైపు పూర్తిగా తిరిగింది.

"అది ఎప్పుడో తీసేశానే" అంది.

"ఎప్పుడు?"

"కిరణ్ పుట్టిన ఇరవై ఒకటో రోజున నీ చేత నూతిలో చేద వేయించాం చూడు, అప్పుడు. నూతికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చేద వేశావు. నీళ్ళు పైకి వస్తూ ఉంటే నీ మొహం చూశాను. ఈ పిల్లకీ నీళ్ళకీ మధ్య ఇంక నేనెందుకు అనిపించింది. ఒట్టు తీసి గట్టున పెట్టాను అని పైకే అన్నాను. లోపల పిల్లాడు ఏడుస్తున్నాడు, నువ్వు వెళ్ళిపోయావు. విన్నావనే అనుకున్నాను."

"నేను వినలేదమ్మా."

"మళ్ళీ నువ్వు దోనె మాట ఎత్తలేదు. ఎక్కుతానని అనలేదు. నీకే మనసు లేదేమో, మీ నాన్న గుర్తొస్తారేమో అనుకున్నాను. నువ్వు అడగలేదు. నేను చెప్పలేదు."

కిరణ్‌కి ఇప్పుడు నలభై ఒకటి. కుసుమకుమారికి కోపం వచ్చింది, నిజంగానే వచ్చింది. ఎవరి మీద వచ్చిందో తేల్చుకోలేకపోయింది. అమ్మ మీదనా, తన మీదనా, ఆ పూట ఏడ్చిన పసివాడి మీదనా? నలభై ఒక్క ఏళ్ళ పాటు గూడ్సు బళ్ళ కోసం ఎదురు చూసింది. పాపం అనుకుని ఒక మధ్యాహ్నం లెంపలు వేసుకుంది. ఇంతా చేస్తే ఆ ఒట్టు తమ పెరట్లో నూతిగట్టు మీద ఎండకి ఎండి, వానకి తడిసి, ఎప్పుడో పోయింది. కోపం ఎంతసేపో నిలవలేదు. కాళ్ళలోంచి ఏదో కట్టు విడిపోయినట్టయింది.

ఈలోగా గంగరాజు సంగడిని గుర్రపుడెక్కలోంచి లాక్కుని రేవుకి తెచ్చాడు. కుసుమకుమారి చెప్పులు విడిచింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి బొడ్డులో దోపింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. బల్ల మీద కాలు పెట్టగానే సంగడి కాస్త దిగి, మళ్ళీ తేలింది. పాదాలకు ఆ కదలిక తెలిసింది. రైలు అదురుకీ దీనికీ అసలు పోలికే లేదు. ఇన్నేళ్ళూ ఆవిడ తనను తాను సరిపెట్టుకుందంతే.

"ముందు గెడ నువ్వు తీసుకో" అంది హర్షితతో. "ఊరికే బలం పెట్టు. దారి నేను చూసుకుంటాను."

గంగరాజు నవ్వుకుంటూ గట్టెక్కేశాడు.

మొదటి తోపుకి కుసుమకుమారి "లాభం" అంది. ముందు నుంచి జవాబు రాలేదు. హర్షిత పళ్ళ బిగువున గెడతో కుస్తీ పడుతోంది, ఆ పిల్లకి వినిపించలేదు. కుసుమకుమారే "రెండు" అనుకుంది. మూడు కూడా తనే అనుకుంది. సంగడి మాట విన్న పిల్లలా తిన్నగా వెళ్ళింది. గట్టు మీద పాట వెనకబడింది. నీళ్ళు రాసుకునే చప్పుడు తప్ప ఇంకేం లేదు. దూరంగా గూడబాతులు తెల్లగా, నిద్రపోతున్నట్టు కూర్చున్నాయి. ఒకటి లేచి వీళ్ళ మీదుగానే వెళ్ళింది. ఆవిడ తలెత్తి చూసి, మళ్ళీ ముందుకు చూసేసరికి, మెరిసే నీళ్ళకి కళ్ళు చెదిరి, ముందు నిలబడింది ఎవరో ఒక్క క్షణం తెలియలేదు. కన్నీళ్ళు వచ్చేశాయి. రెండు చేతుల్లోనూ గెడ ఉంది కాబట్టి తుడుచుకోలేదు.

సగం దూరం వెళ్ళాక ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. చిన్నతనంలో ఎప్పుడూ అలా చూడలేదు. చూడాల్సినవన్నీ ముందే ఉండేవి. ఇప్పుడు చూస్తే గట్టు మీద వెంకటనరసమ్మ కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని సంగడినే చూస్తోంది. ఆ నిలబడడంలో కొత్తదనం ఏమీ లేదు. అలా నిలబడడం బాగా అలవాటున్న మనిషిలా నిలబడింది. అప్పట్లో రోజూ పొద్దున్నే రేవు నుంచి తండ్రీకూతుళ్ళని పంపించి, నీళ్ళ బిందె చంకన పెట్టుకుని, కనుచూపు ఆనినంతసేపూ ఆవిడ అలాగే నిలబడి ఉండాలి.

కుసుమకుమారి గెడ కుడి పక్కకి మార్చింది. సంగడి వెనక్కి తిరిగింది.

"అదేంటి నానమ్మా, ఎదురు గట్టుకి వెళ్ళాలి కదా!"

"వెళదాం. ఒక మనిషిని ఎక్కించుకోవాలి."

రేవులో సంగడి ఆగేసరికి వెంకటనరసమ్మ నీళ్ళ అంచుకి వచ్చి ఉంది.

"అప్పుడే వచ్చేశావేం? నొప్పి చేసిందా?"

"అమ్మా, నా సంగతంటే ఒట్టు. నీ మీద ఎవరి ఒట్టూ లేదుగా. నువ్వెందుకు ఎప్పుడూ మన సంగడి ఎక్కలేదు?"

వెంకటనరసమ్మ ఆ ప్రశ్న కోసం తడుముకోలేదు. జవాబు ఎన్నాళ్ళుగానో నోట్లోనే ఉన్నట్టుంది.

"నన్నెవరు రమ్మన్నారే?" అంది. "మీ నాన్నా నువ్వూ రోజూ ఎక్కి వెళ్ళేవాళ్ళు. కొల్లేటికోటలో పదిహేనేళ్ళు కాపురం చేశాను. ఒక్కనాడైనా, నువ్వూ రా అన్నారా మీరు?"

కుసుమకుమారి మోసుకు తిరిగిన సుఖమంతటిలోనూ, ప్రతి పొద్దునా, గట్టు మీద ఒక మనిషి మిగిలిపోయి ఉంది. గెడను నీళ్ళ అడుగున గట్టిగా దిగవేసి, దాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి చాపింది.

"రా అమ్మా" అంది.

వెంకటనరసమ్మ చెప్పులు గట్టున విడిచి, రెండూ పక్కపక్కన సర్ది పెట్టింది. గంగరాజు ఒక పక్క, కూతురు ఒక పక్క పట్టుకుంటే మెల్లిగా ఎక్కి, ఉప్పు బస్తా పక్కన, సరిగ్గా బరువు ఉండాల్సిన చోటే కూర్చుంది. కొంగు ఒళ్ళోకి లాక్కుని, బల్ల అంచు పట్టుకుంది.

కుసుమకుమారి గెడ ఎత్తి మొదటి తోపు తోసింది. "లాభం" అంది.

"రెండు" అంది వెంకటనరసమ్మ.